మందుకుండ ఎవరింట్లో ఉంది?

కాలవగట్టు సందులో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో తెలియకపోతే లాయ్ బామ్మకు తన ఇంట్లో ముద్ద దిగదు. అలాంటి మనిషికి, సందు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క మంచి మందుకుండ ఎవరింట్లో ఉందో తెలియకుండా పదకొండు రోజులు గడిచిపోయాయి.

ఆ కుండ లాయ్ బామ్మ అత్తగారి కాలం నాటిది. నల్లగా, పొట్ట గుండ్రంగా, ఒక పక్క పొడుగు పిడి, ఇంకో పక్క కొంగ ముక్కులాంటి కొమ్ము. మూడు గిన్నెల నీళ్ళు పోసి ముప్పావు గిన్నె మిగిలేదాకా కాచినా అడుగంటదు. వాళ్ళ ఇంటిదే అయినా వాళ్ళ ఇంట్లో ఉండడం తక్కువ. మందుకుండను తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వకూడదు. తెచ్చి ఇస్తే తమ రోగాన్ని మోసుకొచ్చి అవతలివాళ్ళ గుమ్మంలో దింపినట్టే. వాడుకున్నాక కడిగి వసారాలో మేకుకు తగిలించాలి. ఆ తరువాత ఎవరికి జబ్బు చేస్తే వాళ్ళే వచ్చి పట్టుకుపోవాలి. అలా ఆ కుండ ముప్పై ఏళ్ళుగా దగ్గు నుంచి కీళ్ళనొప్పికి, కీళ్ళనొప్పి నుంచి పచ్చకామెర్లకు నడుస్తూనే ఉంది. కుండ ఎక్కడుందో తెలిస్తే చాలు, ఎవరికి ఒంట్లో బాగాలేదో తెలిసినట్టే.

"మేకు మీద కుండ ఎవరు తీసుకెళ్ళారో చూసుకోవద్దటే?" అని లాయ్ బామ్మ నాలుగోసారి థోమ్‌ను నిలదీసింది. థోమ్ ఎదురింటి ఆవిడ. చిన్నప్పుడు మూడో తరగతి దాకా ఇద్దరూ ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు. కిందటి నెల దగ్గుకు కుండ వాడుకుని వసారాలో తగిలించింది ఆవిడే.

"నేను సంతకెళ్ళొచ్చేసరికి మేకు బోసిగా ఉంది. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళారు. అందుకేగా అక్కడ తగిలించేది?"

"ఒక కేకైనా వెయ్యలేదా?"

"నేను లేనప్పుడు ఎవరికెయ్యాలే కేక, మేకుకా?"

లాయ్ బామ్మకు ఆ మాట నచ్చలేదు. కుండ తీసుకెళ్ళేవాళ్ళు కేక వేస్తారు, ఎందుకో చెబుతారు, నడుం పట్టుకుని మూలుగుతారు, ఒక కప్పు టీ తాగి పోతారు. చెప్పకుండా తీసుకెళ్ళారంటే చెప్పకూడని జబ్బు. చెప్పకూడని జబ్బంటే బామ్మకు నాలుక కింద చింతగింజ పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఆమెకు ఇంకో ఆధారం కూడా ఉంది. కాచిన మందు పిప్పిని మూడు దారులు కలిసేచోట పొయ్యాలి. పదిమందీ తొక్కుకుంటూ పోతే రోగం ఇంటికి తిరిగి రాకుండా చెదిరిపోతుంది. ఈ పదకొండు రోజుల్లో నాలుగుసార్లు తెల్లారేసరికి వంతెన కింద, దారులు కలిసే చోట, తడిపిప్పి కనిపించింది. బామ్మ చెప్పు విప్పి, చతికిలబడి, పుల్లతో కెలికి చూసింది. తామరగింజల లోపలి పచ్చమొలకలు. బాడిద ఆకులు. అత్తిపత్తి వేళ్ళు. వలలాంటి పొరలో పండును దాచుకుని పెరిగే ఆ కంచెతీగ ముక్కలు. నాలుగూ కలిస్తే ఒకటే మందు. నిద్ర పట్టనివాళ్ళకు ఇచ్చేది.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే కాలవ దాటి బుద్ధుడి గుడి వెనక మందులింటికి వెళ్ళి, నేల ఉసిరి, గుంటగలగర, తుంగ గడ్డలు, నిమ్మగడ్డి, ఏది వస్తే అది కడిగి, తరిగి, చాపల మీద ఎండబోసి వస్తుంది. అక్కడ మందు ఊరకే ఇస్తారు, పనీ ఊరకే చేస్తారు. జాడీల మీద పేర్లు చదవాలంటే బామ్మ పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. మూత తీస్తే మాత్రం కళ్ళు మూసుకుని పేరు చెప్పేస్తుంది. ఇంట్లో ఆమె బియ్యప్పిండి తీసుకునే ఉట్టి ముసలమ్మ. మందులింట్లో మాత్రం గుండ్రటి చింతమొద్దు ముందు కత్తి పట్టుకు కూర్చుంటే, పట్నంలో చదువుకొచ్చిన పిల్లలు సైతం "బామ్మా, ఇది ఏ వేరు?" అని అడుగుతారు. ఆ మొద్దు, ఆ కత్తి, ఆ మూల చోటు పోతే తనకు ఇంకేమీ మిగలదని ఆమెకు బాగా తెలుసు. ఎందుకంటే కిందటేడు అది పోవడం వెంట్రుకవాసిలో తప్పింది.

నూడుల్స్ బండి నడిపే మోత్ గజ్జికి కషాయం తాగింది. పిప్పి చూసి బామ్మ పసిగట్టింది. మధ్యాహ్నానికి సందంతా పసిగట్టింది. పది రోజులు మోత్ బండి దగ్గర ఈగ కూడా వాలలేదు. ఆ పిల్ల మందులింటికొచ్చి గొల్లుమంది. మందిచ్చే ఖియెమ్ గురువుగారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బామ్మను పక్కకు పిలిచి ఒకటే మాట అన్నారు. "అమ్మా, నీ ముక్కు మాకు కావాలి. నీ నోరు అక్కర్లేదు. ఇక్కడి జబ్బు ఇంకొక్కసారి సందులోకి వెళ్ళిందంటే, కత్తి ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్ళిపో."

అప్పటినుంచి ఆమె నోరు కుట్టేసుకుంది. కానీ తెలుసుకోవద్దని గురువుగారు అనలేదు కదా.

మొదటి అనుమానం పడవ నడిపే ఊత్ మీద పడింది. పెళ్ళీ పెటాకులూ లేని అరవై ఏళ్ళ మనిషి. ఒంటరివాళ్ళకే నిద్ర పట్టదు. బామ్మ కొబ్బరిపాలు పోసిన అరటిపండు పాయసం గిన్నెతో రేవుకు వెళ్ళి పడవ అంచున కూర్చుంది.

"ఏం తమ్ముడూ, ఈమధ్య కళ్ళ కింద నలుపు కనిపిస్తోంది?"

"పొయ్యి తుడిచిన గుడ్డతో మొహం తుడుచుకున్నానక్కా."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"రాత్రిళ్ళేంటి, పడవ నడుపుతూ కూడా పడుతుంది. మొన్న నువ్వెక్కినప్పుడు అవతలి గట్టు దాటి వరిచేలో గుద్దానే, ఎందుకనుకున్నావు?"

"మరి మందుకుండ నీ దగ్గర లేదా?"

ఊత్ పాయసం గిన్నె నాకడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. "అక్కా, ఎవరికి నిద్ర పట్టడం లేదో నాకు తెలీదు గానీ, నువ్వు ఇలా తిరిగితే సందులో ఎవరికీ పట్టదు."

థోమ్ కూడా ఒకరోజు వసారాలో కూర్చుని అదే పాట అందుకుంది. "అంత ముక్కున్నదానివి, నీ ఇంట్లో వాసన చూసుకున్నావా?"

"మా ఇంట్లో ఏముందే? నా బట్టల కంపే. మందులింటి నుంచి వచ్చేసరికి జుట్టుకూ జాకెట్టుకూ పట్టేసి ఉంటుంది. కోడలు రోజూ సబ్బు అరగదీస్తుంది పాపం."

కోడలు ట్రూక్. బామ్మ కొడుకు వుంగ్ నదిలో ఇసుక పడవ మీద పనికి పోయి నెలకు రెండుసార్లు వస్తాడు. అత్తాకోడళ్ళు ఇద్దరూ వెనకవైపు బారుగా జాడీలు పెట్టుకుని బియ్యప్పిండి తీస్తారు. ట్రూక్ మాట తక్కువ, గొంతు ఎక్కువ. చుట్టుపక్కల ఎవరింట్లో పెద్దల తద్దినం పెట్టినా భోజనాల తరువాత తంబురాలూ జంత్రాలూ తెచ్చి చాప వేస్తారు, ట్రూక్ కోసం పడవ పంపుతారు. ఆ పిల్ల చివరి చరణం సాగదీసి దించుతుంటే మగవాళ్ళు గ్లాసులు కింద పెట్టేస్తారు. ఈమధ్య పెందలాడే లేచి, అత్తగారు కళ్ళు తెరిచేసరికే జాడీల్లో నీళ్ళు మార్చేస్తోంది. మంచి పిల్ల, పనిదొంగ కాదు అనుకుంది బామ్మ.

పన్నెండో రోజు గురువారం. బామ్మ టోపీ పెట్టుకుని, కత్తి గుడ్డలో చుట్టుకుని మందులింటికి వెళితే తలుపు మూసి ఉంది. అట్టముక్క మీద ఏదో రాసి తగిలించారు. పెదవులు కదుపుతూ చదివింది. గురువుగారు వేళ్ళూ బెరళ్ళూ తేవడానికి పడమటి కొండలకు వెళ్ళారు, ఆదివారం వస్తారు. సరేనని కాసేపు గుడి మెట్ల మీద కూర్చుని, చేసేదేమీ లేక ఇంటిదారి పట్టింది. టైము తొమ్మిదిన్నర కూడా కాలేదు. మామూలుగా ఆమె ఇల్లు చేరేది పన్నెండుకు.

గుమ్మం ముందు చెప్పులు విడుస్తుండగా ముక్కుకు తగిలింది. తామరమొలక చేదు, అత్తిపత్తి వేరు మట్టికంపు. అలవాటుగా "నా బట్టలే" అనుకుని ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. చెయ్యి ఎత్తి మోచేతి దగ్గర వాసన చూసుకుంది. సబ్బు వాసన. ఇవాళ తను కత్తి పట్టలేదు, ఆకు ముట్టలేదు.

ఇన్నాళ్ళూ ఇంటికి రాగానే తగిలిన వాసన తనది కాదు. పిప్పి కనిపించింది బుధవారం, శుక్రవారం, ఆదివారం, మళ్ళీ బుధవారం. తను మందులింటికి వెళ్ళిన ప్రతి రోజుకూ మర్నాడు.

గోడవారగా నడిచి వెనకవైపు తొంగిచూసింది. పిండి జాడీల చాటున ట్రూక్ పీటమీద కూర్చుని కుంపటికి తాటాకు విసనకర్రతో విసురుతోంది. కుంపటి మీద నల్లకుండ. విసిరీ విసిరీ ఆ పిల్ల ఆగింది. ఎడమ అరచెయ్యి ఎడమ చెవికి గట్టిగా ఆనించి, తల పక్కకు వాల్చి, ఎక్కడో ఎవరో పిలుస్తున్నట్టు కళ్ళు మూసుకుంది.

బామ్మ నోరు తెరిచింది. ఎన్ని ప్రశ్నలు ఒక్కసారి తోసుకొచ్చాయో ఏ ఒక్కటీ బయటకు రాలేదు. ఈలోగా ఇంకో సంగతి తట్టింది. ఇంట్లో పిల్ల పన్నెండు రోజులుగా, తన ఇంటి కుండనే దొంగలా తెచ్చుకుని, తను లేని పూటలు చూసుకుని మందు కాచుకుంటోంది. ఎవరికి తెలియకూడదని? సందుకు కాదు. తనకే. తనకు తెలిస్తే సందుకు తెలిసినట్టే కనుక.

అడిగితే చెబుతుంది. చెబితే తెలుస్తుంది. తెలిస్తే ఈ నోరు ఆగుతుందా అని ఆలోచించుకుంటే, ఆగుతుందని ఆమె తనమీద తను ప్రమాణం చెయ్యలేకపోయింది. చూడాలనుకున్నది చూడకుండా ఏ గడపా దిగని మనిషి, పిండి జాడీకి కాలు తగలకుండా చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

గుమ్మం దాటుతుండగా ఎదురుగా మోత్ నిలబడి ఉంది, ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ.

"బామ్మా! మా ఆయనకి కడుపునొప్పి, కుండ కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఇదేంటి, మీ ఇంట్లోంచి గుమగుమలాడిపోతోంది?"

"నా బట్టలే. మందులింటి కంపు."

"ఇవాళ మందులిల్లు మూశారుగా! నేను అక్కణ్ణుంచే వస్తున్నాను."

మోత్ ఒక కాలు గడప మీద పెట్టింది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే జాడీలు, జాడీల వెనక కోడలు.

"అవును," అంది బామ్మ, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ పెట్టి. "కుండ నా దగ్గరే ఉంది. మందూ నాకే. చాలా?"

"నీకా! నువ్వేగా పుల్ల పుచ్చుకుని వీధులన్నీ కెలుకుతోంది, కుండ ఎవరు తీశారని?"

"సిగ్గేసి అలా తిరిగాను. నిద్ర పట్టడం లేదే నాకు. నెలయింది."

మోత్ కళ్ళు విప్పారాయి. ఏడాదిగా ఎదురుచూసిన పండగ ఆ పిల్ల మొహంలోకి వచ్చింది. "అయ్యయ్యో బామ్మా, పాపం," అంటూనే నవ్వు దాచుకోలేకపోయింది. "కుండ ఇప్పుడివ్వవా మరి?"

"ఇంకా ఉడుకుతోంది. మధ్యాహ్నం వసారాలో తగిలిస్తాను, పట్టుకెళ్ళు."

మోత్ వెళ్ళిపోయింది. లోపల విసనకర్ర చప్పుడు ఆగిపోయి ఉంది. బామ్మ వెనక్కి తిరగకుండా, "పిండి తేరిందటే, ట్రూక్?" అని గట్టిగా కేకేసి, బదులు వినకుండా థోమ్ ఇంటికి వెళ్ళి పన్నెండు దాకా కూర్చుంది.

మధ్యాహ్నానికి సందంతా పసిగట్టింది.

ఆ సాయంత్రం నుంచి బామ్మకు లేని జబ్బుకు వైద్యం మొదలైంది. ముందు వచ్చింది థోమ్, పచ్చనూనె సీసా, వెండి బిళ్ళ పట్టుకుని. "నాతో చెప్పకుండా దాచావు చూడు, నీ ఒంట్లో చెడ్డగాలి దూరింది. బోర్లా పడుకో," అని మెడ నుంచి నడుం దాకా బిళ్ళతో గీకింది. వీపు నిండా చేప ఎముకల్లా ఎర్రటి చారలు తేలాయి.

"ఎంత ఎరుపో! ఎంత గాలి ఉందో చూడు!" అని మురిసిపోయింది థోమ్.

"తోలు ఊడదీస్తే ఎవరికైనా ఎర్రగానే ఉంటుందే, ముండా!"

శుక్రవారం ఊత్ తామరకాడల పులుసు తెచ్చాడు, చలువ చేస్తుందని. మోత్ అన్నిటికన్నా చేదు కాకరాకు రసం తెచ్చి, తాగేదాకా ఎదురుగా గడప మీద కూర్చుంది. పక్క సందు ఆడవాళ్ళు పంపరపనస ఆకులూ వెదురాకులూ నిమ్మగడ్డీ వేసి మరిగించిన నీళ్ళ తపేలా తెచ్చి, బామ్మను దుప్పటి కింద కూలేసి ఆవిరి పట్టించారు. ఉప్పూ అల్లమూ వేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టించారు. శనివారం థోమ్ మళ్ళీ వచ్చి, చెడ్డగాలిని లాగేస్తాయని మంట చూపిన గాజు బుడ్లు వీపుకు అంటించింది. ఆరో బుడ్డి అంటుకునేలోపే బామ్మ గురక అందుకుంది.

"ఓసినీ! నిద్ర పట్టడం లేదన్నావు?"

బామ్మ ఉలిక్కిపడి లేచింది. "నీ హస్తవాసి అమ్మా," అని మళ్ళీ బోర్లాపడింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ట్రూక్ వచ్చినవాళ్ళకు టీ పోస్తూ, తలొంచుకుని తిరిగింది. అందరూ వెళ్ళాక అత్తగారి వెనక చేరి, వీపు మీద చారలకు కొబ్బరినూనె రాసింది.

"మంటగా ఉందా, అత్తయ్యా?"

"ఉండదూ? కొయ్యను తోమినట్టు తోమింది ఆ థోమ్."

ట్రూక్ ఇంకాస్త నూనె అరచేతిలో పోసుకుంది. "అత్తయ్యా, గురువారం మీరు..."

"నూనె పొదుపుగా వాడు," అంది బామ్మ. అంటూనే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చేతులు కట్టేసుకుంటే నోరు కూడా ఊరుకుంటుందని ఆమెకు ఎందుకు తోచిందో మరి. చెవికి చెయ్యి ఎందుకు ఆనించావే అన్న ఒక్క మాట గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది.

ఆదివారం గురువుగారు కొండల నుంచి వచ్చారు. అది నాడి చూసే రోజు. మందులింటి బల్లల మీద ముప్పైమంది దాకా కూర్చున్నారు. కొత్తగా వచ్చిన వేళ్ళు తరగాలని బామ్మకూ కబురొచ్చింది. ఆమె చింతమొద్దు ముందు కూర్చుందో లేదో మోత్ బల్ల మీంచి లేచింది.

"గురువుగారూ, ఒక్క మాట. బామ్మకి నిద్రమందు మీరిచ్చారా?"

"ఏ నిద్రమందు?"

"నెల నుంచి కాచుకు తాగుతోందట, ఆవిడే చెప్పింది. మీరు ఆవిడ నాడి పట్టుకోవడం మేమెవ్వరం చూళ్ళేదు. ఇక్కడ జాడీల్లోంచి తీసుకుపోతే మరి అది ఏమంటారో మీరే చెప్పండి."

బామ్మ కత్తి వేరు మధ్యలో ఆగింది. ఆ పక్క ఆలోచించనేలేదు ఆమె. మందు తనకే అని చెప్పింది, సరే. మరి తనకు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అంటే పేదాసాదల కోసం ఉంచిన జాడీల్లోంచి దొంగిలించినట్టు. కాదని చెప్పాలంటే కోడలి పేరు ఇప్పుడు ముప్పైమంది ముందు చెప్పాలి. చెబితే, ఇక్కడి జబ్బు సందులోకి వెళ్ళినట్టు. ఎటు తిరిగినా మొద్దు పోతుంది.

"ఇలా రా అమ్మా," అన్నారు గురువుగారు. చిన్న దిండు మీద ఆమె మణికట్టు పెట్టించి మూడు వేళ్ళు ఆనించారు. తేలిగ్గా ఒకసారి, నొక్కి ఒకసారి. తరువాత రెండో చెయ్యి. బల్లల మీద దగ్గేవాళ్ళు కూడా దగ్గడం మానేశారు. ఆ నాడి ఎలా కొట్టుకుంటోందో బామ్మకు చూడకుండానే తెలుసు. మూడు పూటలా తిని, గాజు బుడ్ల కింద కూడా గురకపెట్టే మనిషి నాడి.

"ఆ మందు ఎక్కడిదమ్మా?"

"మా ఇంట్లో కాగింది."

"ఎవరిచ్చారు?"

"చెప్పను."

"చెప్పకపోతే దొంగతనం అంటారు వీళ్ళు."

"అననీండి." బామ్మ లేచింది. మొద్దు దగ్గరకు వెళ్ళి, కత్తికి అంటిన వేరు పొట్టు వేలితో తుడిచి, గుడ్డలో చుట్టకుండా అలాగే మొద్దు మీద పెట్టింది. "కత్తి ఇక్కడ పెట్టి వెళ్ళిపొమ్మన్నారుగా మీరు. పెట్టాను. వెళ్తాను."

మోత్ కూడా అంత దూరం పోతుందనుకోలేదు కాబోలు, మెడలో కండువా కొస నోట్లో పెట్టుకుని గోడవైపు చూసింది.

"ఆగు," అన్నారు గురువుగారు. ఆయన కాసేపు ఆమె మొహంలోకి ఇది కూడా ఒక నాడి అన్నట్టు చూశారు. ఆ మందు ఏ ఇంటికి కట్టి ఇచ్చారో ఆయనకు తెలుసు. రెండు ఆదివారాల క్రితం, అత్తగారు ఇక్కడ ఉండని రోజు చూసుకుని, ఆ పిల్ల అందరికన్నా చివర్న వచ్చి కూర్చుంది. "ఆ మందు నా చేతుల్తో నేను తూచి, కట్టి, ఆ ఇంటికి ఇచ్చిందే. జాడీల్లో గింజ తగ్గలేదు. మోత్, నీ భర్త కడుపునొప్పి సంగతి చెప్పు, విందాం."

అంతే. మోత్ కూర్చుంది. బామ్మ మళ్ళీ మొద్దు ముందే చతికిలబడింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక గురువుగారు ఆమెను తెర వెనక్కి పిలిచారు. అక్కడే పొట్లాలు కట్టేది. పొట్లం మీద పేరు, జబ్బు, మోతాదు రాసి ఉంటాయి. ఊరందరి గుట్టూ ఆ చెక్కపెట్టెలో ఉంటుంది.

"ఇక నుంచి ఇక్కడ కూర్చో, అమ్మా. నిన్ను నమ్మొచ్చని ఇవాళ చూశాను."

బామ్మ చెక్కపెట్టె వైపు చూసింది. ఒక్కో పొట్లం మీద అక్షరాలు ఆమెను రారమ్మని పిలుస్తున్నాయి. ఆ పైదాని మీద పేరు ఊ అక్షరంతోనే మొదలవుతోంది. ఊత్‌దేనా? వాడికేం రోగం? ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వద్దు గురువుగారూ. ఒక్కసారి ఊరుకున్నాను గానీ రోజూ ఊరుకోగలనా? ఇక్కడ కూర్చోబెడితే పగిలి చస్తాను. ఆ మొద్దు దగ్గరే ఉంచండి."

గురువుగారు నవ్వారు. ఆయన నవ్వగా ఆమె చూడడం అదే మొదలు. ఏడు పొట్లాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. వాటి మీద పేరు లేదు. "ఇంట్లో ఇవ్వు. కషాయంతో పాటు పట్నం పెద్దాసుపత్రిలో చూపించుకోమని కూడా చెప్పాను. వెళ్ళారో లేదో కనుక్కో."

ఏం చూపించుకోవాలో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. పడవలో కూర్చున్నంతసేపూ మోకాళ్ళు ఊపుతూనే ఉంది.

ఇంట్లో ట్రూక్ జాడీల పైతేట వంచుతోంది. బామ్మ పొట్లాలు పొయ్యిగట్టు మీద పెట్టి, "గురువుగారు ఇచ్చారు. పెద్దాసుపత్రికి కూడా వెళ్ళమన్నారు. నేను వెళ్ళి కోళ్ళకు నూక వేసొస్తాను," అని గబగబా బయటకు నడవబోయింది.

"అత్తయ్యా, కోళ్ళు మనకి లేవు."

బామ్మ వెనక్కొచ్చి పీట లాక్కుని చతికిలబడింది.

ట్రూక్ తడిచేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. "ఆ రోజు గుమ్మంలో మీరన్నదంతా విన్నాను. పొద్దున్న మందులింట్లో జరిగింది ఊత్ మావయ్య చెప్పాడు." అరచెయ్యి ఎడమ చెవికి ఆనించింది. "చెవి, అత్తయ్యా. ఎడమ చెవిలో ఒకటే మోత. కొత్త సంవత్సరం పండగ వెళ్ళినప్పటినుంచీ. పడుకుంటే ఇంకా ఎక్కువ, అందుకే నిద్ర ఉండదు. మొన్న అవతలి గట్టు తద్దినంలో తాళం సరిగా వినపడక ఒక దెబ్బ తప్పాను. ఎవరికీ తెలీలేదు గానీ జంత్రం వాయించే ఆయన తలెత్తి చూశాడు. ఇది బయటికి పొక్కితే ఇంకెవరూ పాటకి పిలవరు. మోత్ బండి గుర్తొచ్చింది నాకు. అందుకే మీతో..."

మిగతాది అననక్కర్లేదు. బామ్మ మొహం ఎర్రబడింది. పిండి అంటిన నేలమీద వేలితో ఏదో గీసింది, చెరిపేసింది.

"కుడిచెవి బాగానే ఉందా?" అంది చివరికి, మెల్లగా.

"బాగానే ఉంది."

"నీళ్ళు పోసుకుంటే తగ్గుతుందా, ఎక్కువవుతుందా?"

"అలాగే ఉంటుంది."

"తిన్నాక? నడుస్తుంటే? వాడు ఇంటికొచ్చినప్పుడు?" ప్రశ్నలు కట్టు తెంచుకున్న ఎద్దుల్లా పరుగెత్తాయి. ట్రూక్ ఒక్కోదానికీ బదులు చెప్పింది. చెబుతూ చెబుతూ మొదటిసారి కొంచెం నవ్వింది.

"రేపు పొద్దున ఫెర్రీకి ఆసుపత్రికి పోదాం," అంది బామ్మ. "ఎవరైనా అడిగితే నా నిద్ర కోసం అని చెబుతాను. నాకు వీపు మీద చోటు లేదు గానీ, ఇంకో రెండు చారలకు సర్దుకుంటాను." పీట ముందుకు జరుపుకుని, మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. గొంతు తగ్గించింది. "అది సరే గానీ, ఆ మోత ఎలా ఉంటుందే? ఈగలాగా, మరలాగా? లావా, సన్నమా? ఒకసారి నాకు వినిపించు."

ట్రూక్ తల పక్కకు వాల్చి కాసేపు తన చెవిలోనే విన్నది. తరువాత పెదవులు మూసుకుని, ముక్కుతో, సూదిమొనలాంటి సన్నటి నాదం ఒకటి తీసింది. బామ్మ కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, అది ఆగిపోయేదాకా వింది.

"మళ్ళీ అను," అంది.